షాకబ్జార్బర్లు మార్చినా పోని కట్‌కట్, ఫ్లైఓవర్ ఎక్కుతుంటే జర్కు: పాత స్విఫ్ట్‌లో ముందు ఏం చూడాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: 2011 మోడల్ పెట్రోల్ స్విఫ్ట్, 1,18,000 కి.మీ. తిరిగింది. మూడు నెలలుగా ముందు వైపు నుంచి కట్‌కట్‌మని సౌండ్. గుంతల గల్లీలో నెమ్మదిగా పోతుంటే ఎక్కువ, స్పీడ్ బ్రేకర్ తిన్నగా దాటితే పెద్దగా రాదు. ఒక గ్యారేజీలో ముందు షాకబ్జార్బర్లు రెండూ మార్చారు, సౌండ్ అలాగే ఉంది. ఇప్పుడు స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాల్ని తిప్పే భాగం) పోయిందంటున్నారు. ఇది కాక మెహిదీపట్నం దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కేటప్పుడు మూడో గేరులో బండి జర్కులు కొడుతోంది. ఏసీ వేసుకుని సిగ్నల్ దగ్గర ఆగితే అప్పుడప్పుడు ఇంజిన్ ఆఫ్ అయిపోతోంది. ఇంకా ఖర్చు పెట్టాలా, అమ్మేయాలా?

ర్యాక్ మీద ఇప్పుడే చెయ్యి వెయ్యనివ్వకండి. మీరు రాసినదాన్ని బట్టి కట్‌కట్‌కి నా మొదటి అనుమానం స్టెబిలైజర్ లింకు రాడ్ల మీద. జర్కుకి ఇగ్నిషన్ కాయిల్ (స్పార్క్‌కి వోల్టేజీ ఇచ్చేది), స్పార్క్ ప్లగ్గుల మీద. సిగ్నల్ దగ్గర ఆగిపోవడానికి ఇంజిన్లోకి గాలి వదిలే త్రాటిల్ బాడీలో పేరుకున్న మసి కానీ, రేడియేటర్ ఫ్యాను కానీ కారణం కావచ్చు. మూడింటికీ ఒకే కారణం ఉంటుందని వెతక్కండి. పాత బండిలో మూడు జబ్బులు ఒకేసారి ఉండటం మామూలే.

నాకు సనత్‌నగర్ వైపు చిన్న షెడ్డుంది. వచ్చేవన్నీ దాదాపు పదేళ్లు దాటిన బళ్లే. వచ్చినవాళ్లు "సౌండ్ ఎక్కడి నుంచి వస్తోందో చూడన్నా" అంటారు. నేను మాత్రం ఎప్పుడొస్తోందో చెప్పమంటాను. కింద సబ్‌ఫ్రేము, ఫ్లోరు రేకు అన్నీ ఒకదానికొకటి బిగించి ఉంటాయి కాబట్టి ఎడమ చక్రం దగ్గర పుట్టిన చప్పుడు కుడివైపు పెడళ్ల కింద వినిపించొచ్చు. ఎంత చెయ్యి తిరిగిన ఉస్తాదైనా చెవిని మాత్రమే నమ్మితే ఏదో ఒకరోజు బోల్తా పడతాడు. మీ గ్యారేజీవాళ్లు కూడా చప్పుడు విని షాకబ్జార్బర్లు మార్చేశారు. స్పీడ్ బ్రేకర్ తిన్నగా దాటితే సౌండ్ రాదని మీరు రాసిన ముక్క వాళ్లకి చెప్పారో లేదో తెలీదు గానీ, జవాబు అందులోనే ఉంది.

స్టెబిలైజర్ బార్ అంటే ముందు చక్రాలు రెంటినీ అడ్డంగా కలిపే కడ్డీ. దాని రెండు కొసల్నీ షాకబ్జార్బర్లకి తగిలించేవి లింకు రాడ్లు, ఒక్కోదానికీ అటూ ఇటూ చిన్న బాల్ జాయింట్లుంటాయి. స్పీడ్ బ్రేకర్ తిన్నగా ఎక్కితే రెండు చక్రాలూ ఒకేసారి లేస్తాయి, కడ్డీ మెలి తిరగదు, లింకుల మీద బరువు పడదు. అందుకే చప్పుడు రాదు. అదే గల్లీలో ఒక చక్రం గుంతలో దిగి రెండోది పైనే ఉంటే కడ్డీ మెలి తిరుగుతుంది, అరిగిన జాయింటు అటూ ఇటూ కొట్టుకుంటుంది. షాకబ్జార్బరో, దాని పై మౌంటింగో పోయి ఉంటే తిన్నగా దాటినా సౌండ్ రావాలి.

ఇంటి దగ్గరే ఒక పరీక్ష చేయండి. అదే స్పీడ్ బ్రేకర్‌ని ఒకసారి తిన్నగా, ఒకసారి ఏటవాలుగా, మనిషి నడిచే వేగంతో దాటండి. ఖాళీ రోడ్డులో, పొద్దున్నే, అద్దాలు దించి. ఏటవాలుగా దాటినప్పుడే కట్‌కట్ వస్తే లింకు రాడ్ల కేసు దాదాపు తేలిపోయినట్టే. ఇంకా అనుమానముంటే షెడ్డులో రెండు లింకులూ విప్పి, కడ్డీ కొసలు దేనికీ తగలకుండా కట్టేసి, అదే గల్లీలో నెమ్మదిగా ఒక చుట్టు కొట్టమనండి. సౌండ్ మాయమైతే ఇక వాదన లేదు. లింకులు లేకుండా మాత్రం మెయిన్ రోడ్డెక్కకండి, మలుపులో బండి బాగా ఒరుగుతుంది.

అప్పటికీ తగ్గకపోతే ఇంకో మూడు చోట్లు చూడాలి.

మొదటిది, షాకబ్జార్బర్లు మార్చినప్పుడు పై మౌంటింగులు, బేరింగులు కొత్తవి వేశారా, పాతవే బిగించారా? బిల్లు చూడండి. చాలామంది ఖర్చు తగ్గిద్దామని పాతవే వేస్తారు. బండి ఆపి ఉంచి ఒకరు స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతుంటే ఇంకొకరు స్ప్రింగు మీద అరచెయ్యి ఆనించాలి. ఇంజిన్ ఆన్‌లో ఉంటే వేళ్లు బెల్టుకి, ఫ్యానుకి దూరంగా ఉండాలి. స్ప్రింగు సాఫీగా తిరగకుండా బిగుసుకుని, ఒక్కసారిగా "డంగ్"మని వదిలితే పై బేరింగు పట్టేసిందన్నమాట. పైన నట్టు సరిగ్గా బిగించకపోయినా ఇలాంటి చప్పుడే వస్తుంది. కాబట్టి పని చేసినవాళ్ల దగ్గరికే వెళ్లి ముందు ఆ నట్టు చూపించమనండి.

రెండోది లోయర్ ఆర్మ్, అంటే చక్రాన్ని కింది నుంచి బండికి పట్టి ఉంచే చెయ్యి. దానికి రెండు రబ్బరు బుష్‌లు, చక్రం వైపు ఒక బాల్ జాయింటు. మన ఎండలకి పదేళ్లలో రబ్బరు ఎండి పగుళ్లిస్తుంది. బ్రేకు వేసినప్పుడు, వదిలినప్పుడు ఒక్కో "దడ్" వస్తే బుష్‌ల పనే. మార్చేటప్పుడు ఒక జాగ్రత్త: బుష్ బోల్టుల ఆఖరి బిగింపు బండి జాకీ మీద వేలాడుతుండగా కాదు, చక్రాలు నేల మీద ఆని బండి బరువు పడ్డాకే చేయాలి. గాల్లో బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది, కొన్ని నెలల్లో మళ్లీ చిరుగుతుంది. "కొత్త బుష్‌లు వేయించినా ఆర్నెల్లు ఆగలేదు" అని వచ్చేవాళ్లలో చాలామంది కథ ఇదే. పార్టు నాసిరకమని తిట్టుకుంటారు.

బాల్ జాయింటు మాత్రం సౌండ్ సమస్య కాదు, ప్రాణం సమస్య. అది పూర్తిగా అరిగి ఊడితే చక్రం పక్కకి మడతపడిపోతుంది. జాకీ ఎత్తి, ఆర్మ్ కింద రాడ్డు పెట్టి ఎగదోసి చూసినప్పుడు ఆట కనిపిస్తే ఆ బండిని ఇంటికి కూడా తోలుకెళ్లనివ్వను.

మూడోది ర్యాక్. ర్యాక్ బుష్ అరిగితే చప్పుడుతోపాటు అదురు స్టీరింగులోకి, మీ చేతుల్లోకి వస్తుంది. మీరు ఆ మాటే రాయలేదు. ర్యాక్ పోయి ఉంటే, ఆగి ఉన్న బండిలో స్టీరింగుని బొటనవేలంత మేర గబగబా అటూ ఇటూ కదిపితే టక్‌టక్ చేతికి తగలాలి. అప్పుడు కూడా ముందు టై రాడ్ (ర్యాక్‌ని చక్రానికి కలిపే కడ్డీ) కొసలు, స్టీరింగు కాలమ్ కింది జాయింటు చూశాకే ర్యాక్ దాకా పోవాలి.

ఇక ఈ చప్పుళ్లతో కలగాపులగం అయ్యేవి ఇంకో రెండున్నాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి యూ-టర్న్ కొడుతుంటే టక టక టకమని చక్రంతోపాటు వేగం పెరిగితే అది యాక్సిల్ బయటి జాయింటు. చక్రం లోపలి అంచు మీద నల్లటి గ్రీజు చిమ్మి ఉందా చూడండి, ఉంటే రబ్బరు బూటు చిరిగినట్టే. చిరుగు తొలిరోజుల్లోనే దొరికితే బూటు, గ్రీజు మారిస్తే చాలు. మట్టి లోపలికి వెళ్లాక జాయింటే పోతుంది. రెండోది 50, 60 వేగం దాటాక వచ్చే "హూ" అనే మోత. మెల్లగా కుడికి, ఎడమకి తూగించండి. ఎడమకి తిప్పితే బరువు కుడి చక్రం మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే కుడి బేరింగు. ఎటు తిప్పినా మారకపోతే టైర్లు ఎగుడుదిగుడుగా అరిగాయేమో చెయ్యి పెట్టి తడిమి చూడండి. 2020 అక్టోబరు 13, 14 వానల్లో నీళ్లలో మునిగిన బళ్లు ఆ తర్వాత చాలాకాలం ఈ మోతతోనే నా దగ్గరికి వచ్చాయి. పైకి కడిగి, సీట్లు ఎండబెట్టి బాగుచేశారు కానీ బేరింగుల్లోకి దూరిన బురద నీటి సంగతి ఎవరూ చూడలేదు.

అన్నట్టు, పార్టులు విప్పే ముందు డిక్కీ ఖాళీ చేయండి. జాకీ, దాని రాడ్డు, స్టెప్నీ వదులుగా ఉండి చేసే చప్పుడుకి వెనక షాకబ్జార్బర్లు మార్పించుకున్నవాళ్లు నాకు తెలుసు. మీది ముందు సౌండే గానీ, చెవి సంగతి పైన చెప్పాను కదా.

ఇప్పుడు జర్కు.

ఫ్లైఓవర్ ఎత్తు మీద మూడో గేరులో యాక్సిలరేటర్ నొక్కితే సిలిండర్లో ఒత్తిడి బాగా పెరుగుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ ప్లగ్ కొసల మధ్య స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. కాయిల్ బలహీనపడినా, ప్లగ్ గ్యాపు అరిగి పెద్దదైనా ఆ వోల్టేజీ చాలదు, ఆ ఒక్క దెబ్బకి పెట్రోలు మండదు. ఇంజిన్ మిస్ కొడుతుంది. సమతలం మీద, ఐడ్లింగ్‌లో అంతా బాగానే ఉంటుంది. అందుకే షెడ్డు ముందు నిలబెట్టి రేజ్ చేసి "బాగానే ఉంది కదా సార్" అంటారు. బరువు మీద వచ్చే జబ్బు బరువు మీదే కనబడుతుంది. మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని అదే ర్యాంపు ఎక్కించండి. కుదరకపోతే పక్క సీట్లోవాళ్ల చేత వీడియో తీయించండి, ఆర్‌పీఎం ముల్లు, స్పీడు ముల్లు రెండూ కనిపించేలా. ఫోన్లో సౌండ్ సరిగ్గా రికార్డవకపోయినా ముళ్లు అబద్ధం చెప్పవు.

జర్కు తీరు కూడా గమనించండి. టక్ టక్ అని తెగిపోయినట్టు కొడితే ఎక్కువసార్లు ఇగ్నిషనే. కొట్టకుండా, నీరసంగా, ఎంత నొక్కినా వేగం పెరగకుండా సాగదీస్తే పెట్రోలు సరిపోవట్లేదని, అంటే ఫిల్టరు, పంపు. ఆర్‌పీఎం ముల్లు ఎగిరి, బండి మాత్రం ఎగరకపోతే క్లచ్ ప్లేటు జారుతోంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు, మళ్లీ నొక్కినప్పుడు మాత్రమే "దబ్"మని ఒక్క ఊపు వస్తే ఇంజిన్ మౌంటింగు. మీ వర్ణన మొదటిదానికి దగ్గరగా ఉంది.

మీకు కలిసొచ్చే విషయం ఒకటుంది. 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 కాలుష్య నిబంధనలు మొదట వచ్చిన 13 నగరాల్లో హైదరాబాద్ ఒకటి. అందువల్ల 2011లో ఇక్కడ కొన్న మీ బండిలో ఓబీడీ సాకెట్ ఉంటుంది, అందులో స్కానరు గుచ్చితే ఇంజిన్ కంప్యూటరు రాసుకున్న తప్పుల కోడ్లు చదవొచ్చు. చాలా షెడ్డుల్లో స్కానరు ఉంటుంది. లేదంటే ఆన్‌లైన్‌లో దొరికే చిన్న బ్లూటూత్ స్కానరు కొనుక్కోవచ్చు, చౌకరకం కొన్నిసార్లు కనెక్ట్ కాక విసిగిస్తుంది. మిస్ కొట్టే ఇంజినుకి పీ0300 కానీ, పీ0301 నుంచి పీ0304 దాకా ఏదో ఒకటి కానీ రావచ్చు. చివరి అంకె సిలిండర్ నంబరు, సున్నా అయితే ఏదో ఒక్క సిలిండర్ అని తేలలేదన్నమాట.

పీ0302 వచ్చిందనుకుందాం. వెంటనే కొత్త కాయిల్ కొనేయకండి. మీ ఇంజినులో ఒక్కో ప్లగ్ మీద ఒక్కో కాయిల్ కూర్చుని ఉంటుంది. రెండో దాని కాయిల్ తీసి మూడో దాని మీద, మూడోది రెండో దాని మీద పెట్టి, కోడు చెరిపి, మళ్లీ ర్యాంపు ఎక్కండి. ఈసారి పీ0303 వస్తే జబ్బు కాయిల్‌తోపాటు నడిచిందన్నమాట, ఆ కాయిల్ మార్చండి. పీ0302 అలాగే ఉంటే ప్లగ్గు, ఇంజెక్టరు, కంప్రెషన్ వరసన చూడాలి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. ప్లగ్ బయటికి తీసినప్పుడు తెల్ల పింగాణీ మీద నిలువునా సన్నటి నల్ల గీత ఉందేమో వెలుతురులో తిప్పి చూడండి. స్పార్క్ కొసకి పోకుండా పక్కనుంచి బాడీలోకి పారిపోయిన దారి అది. ఆ గీత ఉంటే ప్లగ్గుతోపాటు కాయిల్ రబ్బరు తొడుగూ మార్చాల్సిందే, తుడిచి బిగిస్తే మళ్లీ అదే దారి పడుతుంది.

ఇంకా పాత బళ్లున్నవాళ్ల కోసం ఒక మాట. మారుతి 800 లాంటివాటిలో ప్లగ్గులకి పొడుగు వైర్లుంటాయి. రాత్రి చీకట్లో బానెట్ తెరిచి, ఇంజిన్ ఆన్ చేసి, వైర్ల మీద స్ప్రే బాటిల్‌తో మంచులా నీళ్లు చల్లండి. లీకు ఉన్నచోట నీలం నిప్పురవ్వలు చిటపటమంటూ కనిపిస్తాయి. దూరంగా నిలబడి చూడండి, వైర్లు ముట్టుకోవద్దు.

చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఉండటం వేరు, మిణుకుమిణుకుమనడం వేరు. మిణుకుమంటే మిస్సింగు ఎక్కువైంది, మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లోకి పోయి అక్కడ మండుతోంది. దాన్ని అలాగే తోలితే కాయిల్ ధరకి తేలాల్సింది కన్వర్టర్ ధరకి పోతుంది.

ఇవన్నీ ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ వల్లేనా అని మీకూ అనుమానం వచ్చే ఉంటుంది, ఈ మధ్య ప్రతివాళ్లూ అదే అడుగుతున్నారు. ఇథనాల్‌లో పెట్రోల్‌కన్నా శక్తి తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గడం నిజం. అది నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపులకి పడదు. నెలల తరబడి నిలబెట్టిన బండికి అది తలనొప్పే. కానీ ఒకే ర్యాంపు మీద, ఒకే గేరులో వచ్చే జర్కుకి ముందు ప్లగ్గులు చూడాలి. పెట్రోల్‌ని తిట్టుకుంటూ అరిగిన ప్లగ్గులతో తిరిగేవాళ్లని చాలామందిని చూశాను.

సిగ్నల్ దగ్గర ఆగిపోవడం సంగతి. ఏసీ కంప్రెసర్ కలవగానే ఇంజిన్ మీద బరువు పడుతుంది, కంప్యూటరు కాస్త గాలి ఎక్కువ వదిలి ఐడ్లింగ్ నిలబెట్టాలి. త్రాటిల్ బాడీ అంచున మసి పేరుకుంటే ఆ గాలి చాలదు. విప్పి క్లీనర్‌తో శుభ్రం చేయిస్తే ఎక్కువసార్లు అయిపోతుంది. చేసిన వెంటనే ఐడ్లింగ్ కాస్త ఎగుడుదిగుడుగా ఉండొచ్చు, కొన్ని బళ్లలో కంప్యూటరు మళ్లీ నేర్చుకోవాలి.

అంతకుముందే ఒక్కటి చూడండి. ఏసీ వేసి, బానెట్ తెరిచి, రేడియేటర్ ఫ్యాను తిరుగుతోందా? ఫ్యాను సరిగ్గా తిరక్కపోతే ఏసీ గ్యాసు ఒత్తిడి పెరిగి కంప్రెసర్ బరువెక్కుతుంది. బండి కదులుతుంటే గాలి తగిలి అంతా బాగుంటుంది, పంజాగుట్ట సిగ్నల్లో మే నెల మధ్యాహ్నం నిలబడగానే ఊపిరాడదు. ఏసీ చల్లదనం కూడా ఆగినప్పుడే తగ్గుతుంటే ఫ్యాను అనుమానం ఇంకా బలపడుతుంది. ఇది వదిలేస్తే ఇంజిన్ వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ దాకా వెళ్తుంది.

ఏసీ లేకపోయినా, బాగా వేడెక్కాక నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, అరగంట చల్లారాక మామూలుగా స్టార్టయితే అది వేరే జబ్బు. అలాంటి శాంత్రో ఒకటి వచ్చింది నా దగ్గరికి. ఓనరు అంతకుముందే పెట్రోల్ పంపు, బ్యాటరీ మార్పించుకున్నారు. ఆగిపోయిన క్షణంలో చూస్తే సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, ఆర్‌పీఎం ముల్లు మాత్రం సున్నా నుంచి కదలడం లేదు. ఇంజిన్ తిరుగుతోందని కంప్యూటరుకి చెప్పే క్రాంక్ సెన్సర్ మీద తడిగుడ్డ వేసి చల్లార్చగానే స్టార్టయింది. వేడికి సెన్సర్ లోపలి చుట్ట తెగి, చల్లారితే మళ్లీ అతుక్కునేది. మీ బండి ఎప్పుడైనా ఇలా చేస్తే ఆ ముల్లు చూడటం మర్చిపోకండి.

పార్టుల విషయం. లింకు రాడ్లు, బుష్‌లు రాణిగంజ్‌లోనో, పుత్లీబౌలిలోనో రకరకాల ధరల్లో దొరుకుతాయి. బుష్‌లకి, బాల్ జాయింటుకి కంపెనీవి లేదా పేరున్న తయారీదారువే తీసుకోండి. కాయిల్ సెకండ్ హ్యాండ్ వద్దు. లింకు రాడ్లు రెండూ ఒకేసారి మార్చండి, ఒకటి అరిగితే రెండోదీ అంత దూరమే తిరిగి ఉంటుంది. పాత పార్టులు మీకే ఇవ్వమనండి. చేత్తో పట్టుకుని కదిపి చూస్తే అరిగిందో లేదో మీకే తెలుస్తుంది.

చివరిగా, అమ్మాలా ఉంచాలా. నేను చెప్పిన పనులు ఒక్కటీ అమ్మేయాల్సినంత పెద్దవి కావు. కార్పెట్ లేపి ఫ్లోరు రేకు, తలుపుల కింది అంచులు తుప్పు తిన్నాయేమో చూడండి. కంప్రెషన్ (సిలిండర్లో పుట్టే ఒత్తిడి) కొలిపించండి. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు నీలం పొగ వస్తోందా, ఆయిల్ తగ్గుతోందా గమనించండి. రేకు గట్టిగా ఉండి, నాలుగు సిలిండర్ల కంప్రెషన్ దగ్గరదగ్గరగా ఉంటే ఉంచుకోండి. రేకు చిల్లులు పడితే మాత్రం ఒక్క రూపాయి కూడా పెట్టకండి. ఆర్‌సీ మీద గడువు తేదీ కూడా చూసుకోండి. ప్రైవేటు బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. 2011 బండి కాబట్టి మీకు ఆ పని దగ్గర్లోనే ఉంటుంది. అందుకే వరసలో బాల్ జాయింటు తనిఖీ మొదట, కాయిల్, ప్లగ్గులు ఆ వెంటనే పెట్టుకోండి. మిస్ కొట్టే ఇంజినులో మండని పెట్రోలు హైడ్రోకార్బన్లుగా బయటికొచ్చి పొల్యూషన్ టెస్టులో పట్టించేస్తుంది. లింకు రాడ్ల చప్పుడు ఇంకో నెల భరించినా ఫరవాలేదు.